ఇంగ్లీషు కాని దొర

మక్కసారు నస్పూరుకు వచ్చిన మొదటి రోజే మేం ఆయన్ని అవమానించాం. కావాలని చేసింది కాదు. పూలదండలు తెప్పించాం, బ్యాండు మేళం పిలిపించాం, బొగ్గుబాయి గేటుకు అడ్డంగా ఎర్రగుడ్డ కట్టి దాని మీద తెల్లరంగుతో 'ఇంగ్లీషు ఇంజనీర్లకు హార్దిక స్వాగతం' అని రాయించాం. జీపులోంచి ఇద్దరు తెల్లవాళ్లు దిగారు. పొడుగాయన టై సవరించుకుని, నవ్వుతూ రెండు చేతులూ జోడించాడు. ఆయన పేరు హ్యారిస్. రెండో ఆయన పొట్టిగా, దిట్టంగా, ఎండకు కమిలిన ఎర్రటి మెడతో ఉన్నాడు. ఆ గుడ్డ మీది అక్షరాల్ని ఒకసారి చదివాడు. చదివి, దాని కిందనుంచి రాకుండా పక్కనున్న సైకిల్ స్టాండులోంచి దారి చేసుకుని లోపలికి నడిచాడు. దండ పట్టుకుని నిలబడ్డ యూనియన్ లీడరు ఆయన వెనకాలే సైకిళ్ల మధ్య పరుగెత్తాడు. రెండు సైకిళ్లు పడ్డాయి. మేళం వాళ్లు మాత్రం ఆపలేదు, వాళ్లకు చెప్పిన పని అదే కదా.

ఆయన అసలు పేరు మెకే. మా వాళ్ల నోట్లో పడి రెండో రోజుకే మక్కసారు అయిపోయాడు.

నేను వాళ్లిద్దరికీ దుబాసీని. లీలాబాయి నా పేరు. మాది కొండగట్టు దగ్గర ఒక ఊరు. మా నాన్న, బాపు జగపతిరావుకు అక్కడ భూములుండేవి, తర్వాత భూములున్నవాళ్లు ఊళ్లో ఉండే రోజులు కావని కరీంనగర్‌లో ఇల్లు కట్టాడు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు ఎమ్మే చదివి ఇంట్లో కూర్చుంటే, కొత్త బాయికి విదేశీ ఇంజనీర్లు వస్తున్నారు, వాళ్ల మాటలు తెలుగులో చెప్పేవాళ్లు కావాలని తెలిసి వచ్చాను. ఎనభై ఏడో సంవత్సరం అది. నాకు కోపం తొందరగా వస్తుందని మా ఇంట్లో అందరూ అంటారు. అది అబద్ధం. వచ్చిన కోపం తొందరగా పోదు, అంతే.

గేటు దగ్గర ఏమైందని మక్కసారును నేనే అడిగాను. "నేను ఇంగ్లీషువాణ్ని కాదు, స్కాట్లాండ్‌వాణ్ని" అన్నాడు. మా ట్రైనింగ్ ఆఫీసరు కృష్ణా జిల్లా మనిషి. మంచివాడు, ఎవరొచ్చినా ముందు టీ తెప్పించేవాడు. ఆయన నవ్వుతూ, "రెండూ ఒకటేగా సార్, చిన్న తేడాకి ఎందుకూ!" అన్నాడు. నేను అదే ఇంగ్లీషులో చెప్పాను. మక్కసారు మెడ ఇంకా ఎర్రబడింది. మాకూ ఒకప్పుడు రాజు వేరే, ఇప్పటికీ కోర్టులు వేరే, బడులు వేరే, మాట వేరే అని ఒక్కొక్కటీ వేళ్ల మీద చెప్పుకొచ్చాడు. పక్కనే కూర్చున్న హ్యారిస్ టీ తాగుతూ, "ఆ వేరే మాట ఏమిటంటే, మేం మాట్లాడే ఇంగ్లీషే, కాకపోతే తప్పుగా" అన్నాడు. సరదాగానే అన్నాడు. మక్కసారు నవ్వలేదు.

నాకు లోపల బాగా నవ్వొచ్చింది. ఆ నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. గెస్ట్‌హౌస్ వరండాలో మక్కసారు నాతో మాట్లాడుతూ, "మీ మద్రాసీలు" అంటూ ఏదో మొదలుపెట్టాడు. మేం మద్రాసీలం కాదన్నాను. "అయితే ఆంధ్రా వాళ్లు" అన్నాడు. అంతే, ఇక ఆగలేదు. నిజాం దగ్గర్నుంచి అరవై తొమ్మిది ఉద్యమం దాకా నిలబెట్టి చెప్పాను. అరవై తొమ్మిదిలో నేను చేసింది ఏమిటయ్యా అంటే, ఊరేగింపుల వల్ల బడి బంద్ అయిందని సంతోషపడటం. ఐదో తరగతి పిల్లని. ఆ ముక్క మాత్రం చెప్పలేదు. ఆయన అంతా విని, "సరిపోయింది. ఇప్పుడు మీ మెడ ఎర్రగా ఉంది" అన్నాడు. అప్పట్నుంచి మాకిద్దరికీ పడింది.

పడింది కానీ, ఆయన మాట అర్థమవ్వాలి కదా. హ్యారిస్ ఇంగ్లీషు రేడియో వార్తల్లా వినిపించేది, ఒక్క అక్షరం పోయేది కాదు. మక్కసారు నోట్లో ర కారం బండి చక్రంలా తిరిగేది. చిన్నదాన్ని 'వీ' అనేవాడు, బిడ్డను 'బెయిర్న్' అనేవాడు, అవునుకు 'అయ్' అనేవాడు. నేను ఎమ్మేలో చదివిన ఇంగ్లీషు ఆయన ముందు నాలుగు రోజులు నోరు మూసుకుని కూర్చుంది. తర్వాత చెవి అలవాటు పడ్డాక ఒక సంగతి గమనించాను. హ్యారిస్ పక్కన ఉంటే మక్కసారు ఆ మాటలేవీ వాడడు. ర కారాన్ని అదుపులో పెట్టుకుని, ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్నవాడిలా మాట్లాడతాడు. హ్యారిస్ అటు వెళ్లగానే గుండీలు విప్పుకుంటాడు.

నేను గమనించడానికి కారణం ఉంది. నేనూ అదే బాపతు. హైదరాబాద్ హాస్టల్లో నా నోట్లోంచి 'పోయిండు' అని రావడం ఆలస్యం, గది గదంతా నవ్వేది. ఇది తెలుగా, ఉర్దూనా అని ఒకమ్మాయి నిజంగానే అడిగింది. కోపంతో నేను ఏం చేశానంటే, వాళ్ల తెలుగు వాళ్లకన్నా బాగా నేర్చుకున్నాను. 'అండీ' లేకుండా మాట ముగించడం మానేశాను. సెలవులకు ఇంటికి వెళ్తే మా అవ్వ సీతాబాయి (మా వైపు అమ్మను అవ్వ అంటాం), "గీ పిల్ల మన ఇంట్ల చుట్టం లెక్క మాట్లాడుతుందేంది?" అని పనిమనిషిని అడిగేది. ఉద్యోగం వచ్చింది కూడా ఆ తెలుగు చూసేనేమో. ఇది రాస్తున్నది కూడా ఆ తెలుగులోనే, చెయ్యి అలవాటు పడింది మరి.

ఇక హ్యారిస్, మక్కసారు మా బాయికి తెచ్చిన యంత్రం సంగతి. అప్పటిదాకా మా బాయిల్లో పనంతా ఒకటే సూత్రం మీద నడిచేది: కప్పును కూలనివ్వకూడదు. బొగ్గు తీస్తూ మధ్యమధ్య స్తంభాల్లా దిమ్మెలు వదలాలి, కర్రలు నిలబెట్టాలి, ఇనుప కడ్డీతో తట్టి చప్పుడు వినాలి, కప్పు కూలితే మనుషులు పోతారు. కొత్త యంత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఉక్కు కాళ్ల మీద ఉక్కు పలకలు వరసగా నిలబడతాయి, ఇంటి ముందు పంచలాగా. వాటి కింద నిలబడి మనుషులు ముందున్న బొగ్గు కోయిస్తారు. కోత అయ్యాక ఆ పంచ మొత్తం తనంతట తనే ఒక అడుగు ముందుకు జరుగుతుంది. వెనక వదిలేసిన జాగాలో కప్పు కూలిపోతుంది. కూలిపోవాలి కూడా, కూలకుండా వేలాడితే దాని బరువంతా పలకల మీదికి వస్తుంది, ప్రమాదం అదే.

దీన్ని ట్రైనింగ్ ఆఫీసరు రాసిచ్చినట్టే నేను కార్మికులకు చదివి వినిపించాను. "పైకప్పును నియంత్రిత విధానంలో పతనం కావించడం జరుగుతుంది. కావున ఆందోళన చెందవలసిన అవసరం లేదు." ఎంత శుభ్రంగా చదివానంటే, ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. కార్మికులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. జీవితమంతా కప్పు కూలకుండా చూసుకున్నవాళ్లకు, కప్పు కూలగొడతాం, ఆందోళన వద్దు అని చెప్పాను నేను.

ఆ సాయంత్రమే ఆ మాట కాలనీ అంతా పాకింది. తెల్లారి గేటు ముందు బాలవ్వ కూర్చుని ఉంది.

బాలవ్వ కొడుకు మల్లన్న. మొదట యంత్రం మీద పనిచేయడానికి ఎంచిన కుర్రాళ్లలో అందరికన్నా చురుకైనవాడు. మక్కసారు చేతులతో చూపిస్తే చాలు, పట్టేసేవాడు. బాలవ్వ పెనిమిటి పాత బాయిలో కప్పు కూలి పోయాడు. ఆయన నౌకరి కొడుక్కొచ్చింది, తట్ట చెమ్మస్ పని. అంటే పారతో బొగ్గెత్తి తట్టలో మోసుకెళ్లి బండ్లలో నింపడం. ఆ పనిలో నడుము పోవడం తప్ప వేరే దారి లేదు. యంత్రం మీదికి వెళ్తే అతని బతుకే మారిపోతుంది. అది మల్లన్నకు తెలుసు. కానీ తల్లి ఒద్దంటోంది.

"అవ్వ కాదంటే నేను దిగ మేడం" అన్నాడు మల్లన్న నాతో, తల దించుకుని. "ఆమెకు నేనొక్కన్నే. ఆమె ఏడ్చుకుంట కూసుంటే నాకు లోపల చేతులు ఆడయి."

ఆఫీసరు శనివారం దాకా గడువిచ్చాడు. ఆలోగా తల్లి ఒప్పుకోకపోతే మల్లన్న జాగాలో ఇంకొకర్ని తీసుకుంటారు. ఆయన తప్పేం లేదు, పై నుంచి ఆయన్ని తొందరపెట్టేవాళ్లు ఆయనకూ ఉన్నారు.

బాలవ్వకు నచ్చజెప్పమని నన్ను పంపారు. గేటు ముందు ఆమె పక్కన వంగి, "చూడండి బాలవ్వగారూ, మీ అబ్బాయికి ఎటువంటి ప్రమాదమూ ఉండదండీ. ఇది చాలా అధునాతనమైన యంత్రం" అన్నాను. ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. నాకు జవాబివ్వకుండా పక్కనున్న ఆడమనిషితో, "గీమె రేడియో లెక్క మాట్లాడుతది. రేడియోకు మనం ఎదురడుగుతమా?" అంది. అందరూ నవ్వారు. హాస్టల్లో ఒక భాషకు నవ్వారు, ఇక్కడ ఇంకో భాషకు. ఎక్కడ నోరు తెరవాలో తెలియక మండిపోతూ ఆఫీసుకు తిరిగొచ్చాను.

ఆఫీసులో హ్యారిస్, యంత్రం గురించి బొమ్మలతో ఒక చిన్న పుస్తకం అచ్చేయిద్దాం అన్నాడు. ఆఫీసరు సరేనన్నాడు. మక్కసారు మాత్రం, "ఆమె ఏం అడుగుతోంది?" అన్నాడు.

ఏమీ అడగలేదు, ఆమెను అడగనిచ్చిందెవరు?

మక్కసారు లేచి బయటికి నడిచాడు. నేను వెనకాలే పోయాను. ఆయన గేటు దాటి, బాలవ్వ ఎదురుగా దుమ్ములో గొంతుక్కూర్చున్నాడు. బాయి మనుషులకు అలా కూర్చోవడం అలవాటు. ఏ దేశంలోనైనా ఇరుకు జాగాలో అలాగే కూర్చోవాలి కాబోలు. జనం చుట్టూ మూగారు. ఆయన మొదట ఇస్త్రీ ఇంగ్లీషులోనే మొదలుపెట్టాడు, ఉక్కు ఎంత బరువు మోస్తుందో అంకెలు చెప్పబోయాడు. బాలవ్వ చెయ్యెత్తి ఆపింది.

"లెక్కలొద్దు" అంది నాతో. "ఒక్కటే అడుగు. ఆయన కొడుకును పంపుతడా గీ మిషను కిందికి?"

చెప్పాను. మక్కసారు అంకెలు వదిలేశాడు. తర్వాత మాట్లాడాడు, కానీ ఆ గొంతు వేరు. ర కారాలు తిరిగాయి, 'బెయిర్న్' వచ్చింది, వాళ్ల ఊరు వచ్చింది, వాళ్ల అమ్మ వచ్చింది. మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ, నాకోసం కాదు, తనకు అంతకన్నా వేగంగా రాక. నేను తెలుగు చేయబోయాను. "వీరి తండ్రిగారు కూడా గనిలో" అన్నాను. 'మరణించారు' అనాలి. ఎదురుగా ఒక ముండమోసిన మనిషి కూర్చుని ఉంటే, ఆమె మొహం మీదికి 'మరణించారు' అని ఎలా అనను? మా ఇంట్లో ఎవరైనా పోతే మా అవ్వ ఆ మాట అనదు.

"వాళ్ల బాపు గూడ బాయిలనే పని చేసిండట బాలవ్వా" అన్నాను. "గీయన చిన్న పోరడున్నప్పుడు కప్పు గూలి పోయిండట. పొద్దుగాల పోయినోడు మల్ల రాలే అంటుండు. వాళ్ల అవ్వను శవం కాడికి గూడ పోనియ్యలేదట."

బాలవ్వ మక్కసారు వైపు చూస్తూనే ఉంది. "నన్ను గూడ పోనియ్యలే" అంది. "తెల్లోళ్ల మీద గూడ గూల్తదా కప్పు?" అని అడిగింది.

"వాళ్ల మీద గూడ గూల్తదట."

"మరి గా పొడుగాయన రాలే?"

"ఆయనది వేరే దేశం. ఆయనది ఇంగ్లండు, గీయనది స్కాట్లాండ్. దగ్గరదగ్గరనే ఉంటయి గని వేరే."

అందరూ అడిగే ప్రశ్న ఆమె కూడా అడుగుతుందేమోనని చూశాను, రెండూ ఒకటే కదా అని. ఆమె తలూపింది. "అట్ల చెప్పు. ముందుగాల లెక్కలు చెప్తుంటే ఇన్న. గప్పుడు గీయన మాట ఒక తీరుండె, ఇప్పుడొక తీరున్నది. గిదే ఆయన సొంత మాట." తర్వాత నా వైపు తిరిగి, "నీది గూడ" అంది. "నువ్వెవరి బిడ్డవే?"

కొండగట్టు దగ్గర మా ఊరి పేరు చెప్పాను. ఆమె తల్లిగారి ఊరు అక్కడికి దగ్గరేనట. మరి ఇన్నాళ్లూ విజయవాడ దాని లెక్క ఎందుకున్నవని తిట్టింది. చుట్టూ ఉన్నవాళ్లు మళ్లీ నవ్వారు, ఈసారి నేనూ నవ్వాను. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి, ఎందుకు దాచాలి? ఎన్నో ఏళ్ల తర్వాత నా భాషలో నన్ను ఎవరో తిట్టారు.

బాలవ్వ ఇంకా ఒప్పుకోలేదు. "ఆయన బాధ నాకెర్కైంది. గని బాధ వేరు, మిషను వేరు. కప్పు ఎనుక గూల్తది, ముందట మనిషి ఉంటడు అంటుండ్రు. నా కండ్ల ముందట కూలగొట్టుమను. నేను కింద కూసుంట. నేను బతికొస్తే నా కొడుకును పంపుత."

ఆడవాళ్లు బాయిలోకి దిగకూడదు, అది చట్టం. కానీ ఆ ఉక్కు పంచలు ఇంకా కిందికి దింపలేదు. సరిచూడటానికి పైనే, యార్డులో, వరసగా నిలబెట్టి ఉన్నాయి. నేను ఆమె మాట చెప్పగానే మక్కసారు నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. "అయ్" అన్నాడు. "మా అమ్మను ఎవరూ అడగనివ్వలేదు. ఈమెను అడగనిద్దాం. పక్కన నేను కూర్చుంటాను."

ఆఫీసులో గొడవ గొడవైంది. ఆఫీసరు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. హ్యారిస్ లేచి, ఇది నియమాలకు విరుద్ధం, మనం యంత్రం అమ్మడానికి వచ్చాం, తమాషా చేయడానికి కాదన్నాడు. అప్పుడు మక్కసారు హ్యారిస్ ముందే, మొదటిసారి, తన సొంత మాటలో మాట్లాడాడు. గొంతు పెంచలేదు. సగం నాకు అర్థం కాలేదు; హ్యారిస్‌కూ సగమే అయి ఉంటుంది. కానీ మళ్లీ చెప్పమని హ్యారిస్ అడగలేదు. టై విప్పి జేబులో పెట్టుకుని, యార్డుకు వెళ్లాడు. ఆ పూటంతా ఎండలో ఒక్కో కాలూ, ఒక్కో గొట్టమూ తన చేత్తో తడిమి చూశాడు. నేను ఆయన్ని ఊరికే ఆడిపోసుకున్నానని అనను కానీ, ఆ పూట ఆయనంటే గౌరవం కలిగింది.

ఆఫీసరు నన్ను పక్కకు పిలిచి, "గేటు దగ్గర విన్నానండీ. మీరు తెలంగాణ ఇంత బాగా మాట్లాడతారని నాకు తెలియదు" అన్నాడు.

"నేర్చుకున్నానండీ, మా అమ్మ దగ్గర" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, పాపం, ముందు టీ తెప్పించాడు.

శనివారం పొద్దున షిఫ్టు దిగాల్సినవాళ్లు, ఎక్కినవాళ్లు, వాళ్ల ఇళ్లల్లోని ఆడవాళ్లు, అందరూ యార్డు చుట్టూ చేరారు. ఉక్కు పంచల వెనక వైపు రాళ్లూ, బండముక్కలూ నింపిన లోడరు బండి నిలబడింది. బాలవ్వ తలకు కొంగు చుట్టుకుని వచ్చి, చెప్పులు బయట విడిచి, పంచ కింద కూర్చుంది. గుడిలోకి పోయినట్టు చెప్పులు ఎందుకు విడిచిందో నాకు తెలియదు, అడగలేదు. మక్కసారు ఆమె పక్కన కూర్చున్నాడు.

"మీరు బయటినుంచే చెప్పండి లీలాబాయిగారూ" అన్నాడు ఆఫీసరు.

"గామె బయటుంటే గీయన ఏమంటుండో నాకెట్ల ఎర్కైతది? నువ్వు రా బిడ్డా" అంది బాలవ్వ.

నేను ధైర్యం గల మనిషిని కాను. కోపం గల మనిషిని, రెండూ వేరు. కానీ అంతమంది చూస్తుంటే వెనక్కి ఎలా తగ్గుతాను? లోపలికి పోయి వాళ్లిద్దరి మధ్య కూర్చున్నాను. పైన ఉక్కు పలక తలకు తగిలేటంత దగ్గరగా ఉంది. బయట మల్లన్న ఒక స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాడు. కార్మికుల్లో ఎవరో "జై దుర్గమ్మ" అన్నారు.

"భయమైతుందా అని అడుగుతుండు" అన్నాను బాలవ్వతో.

"నాకెందుకు భయం? ఆయన చెయ్యి చూడు, ఆయనకే వణుకుతుంది" అంది బాలవ్వ. నిజమే. మోకాలి మీద పెట్టుకున్న మక్కసారు చెయ్యి వణుకుతోంది. నేను అది తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చలేదు. ఆయనకు అర్థమైనట్టే ఉంది, చెయ్యి తీసి చంకలో పెట్టుకున్నాడు.

హ్యారిస్ చెయ్యి దించాడు. లోడరు తొట్టి పైకి లేచి మా నెత్తిమీది పలకల మీదికి తిరగబడింది.

ఆ చప్పుడు నేను చెప్పలేను. నెత్తిమీద ఊరు కూలినట్టనిపించింది. చుట్టూ చీకటైపోయింది, నోట్లో, ముక్కులో దుమ్ము. నేను "అవ్వా!" అని అరిచి బాలవ్వను పట్టుకున్నాను. నా ఇస్త్రీ తెలుగులో కూడా 'అమ్మా' అని ఉంది, అది గుర్తే రాలేదు. మక్కసారు ఏదో అరిచాడు, అదీ వాళ్ల మాటే. బయటినుంచి మల్లన్న తల్లిని పిలుస్తున్నాడు.

దుమ్ము మెల్లమెల్లగా దిగింది. ముందు వైపు వెలుతురు, అందులో మల్లన్న మొహం. వెనక్కి తిరిగి చూస్తే పంచ వాలు మీదనుంచి జారిన బండలు నేలమీద గుట్టగా పడి ఉన్నాయి. మేం కూర్చున్న చోటికి ఒక్క గులకరాయి కూడా రాలేదు. పైనున్న ఉక్కు పలక అలాగే ఉంది.

బాలవ్వ ఆ గుట్టను చూసింది. తర్వాత చెయ్యెత్తి అరచెయ్యి ఆ పలకకు ఆనించింది. "గప్పుడు గిదుంటే..." అంది. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మక్కసారు మొహం తుడుచుకుంటుంటే దుమ్ము ఇంకా అంటింది. మేం ముగ్గురం బయటికి వచ్చేసరికి ఎవరు ఏ రంగో తెలియకుండా ఉన్నాం.

బయట జనం కేకలు పెడుతున్నారు. బాలవ్వ వాళ్లను చేత్తో ఊరుకోమని, మక్కసారు ముందు నిలబడింది. "మీ అవ్వ ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నదట. మస్తు ముసల్దైందట. ఒక్కతే ఉంటదట" అన్నాను.

"అయితే ఆమెకు ఒక మాట చెప్పుమను. నస్పూర్ల బాలవ్వ అని ఒక మనిషి ఉన్నది, నీ కొడుకు చేసిన దాని కింద కూసున్నది. ఇగ నా కొడుకు కూసుంటడు. నీ కొడుకు పైలం, నా కొడుకు పైలం. గట్ల చెప్పుమను."

నేను ఆయనవైపు తిరిగి నోరు తెరిచాను. ఎమ్మే ఇంగ్లీషులో రెండు ముక్కలు అని, అది కాదని ఆపేశాను.

"ఏందే, గింతసేపు మంచిగనే మాట్లాడితివి?" అంది బాలవ్వ.

అప్పుడు చెప్పాను, పైలం అంటే క్షేమమని కూడా కలిపి. ఎమ్మే ఇంగ్లీషు కాదు అది, ఒక తల్లి ఇంకో తల్లికి చెప్పిన మాటకు ఎన్ని చిన్న మాటలు చాలో అన్నే. మక్కసారు తలమీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆమెకు చెప్తాను, నేనే వెళ్లి చెప్తాను, ఉత్తరంలో రాయను అన్నాడు, వాళ్ల ఊరి మాటలో. అది బాలవ్వకు చెబుదామని ఇటు తిరిగాను.

ఆమె నా కోసం ఆగలేదు. అప్పటికే మల్లన్న దగ్గరికి పోయి, దుమ్మంతా తన మీదే ఉంటే, శుభ్రంగా ఉన్న వాడి చొక్కాను దులుపుతోంది.

"సోమారం మొదటి షిఫ్టా, రెండోదా?" అని అడుగుతోంది కొడుకును. "సద్ది ఎప్పటికి గట్టాలె?"